ఆఖరి బిగింపు

చేతులు కడుక్కోవడానికి నాకు రోజూ ఇరవై నిమిషాలు పడుతుంది. ముందు కాస్త వంటనూనె రాసుకుని, దాని మీద గుప్పెడు పంచదార వేసి రుద్ది, తర్వాత బట్టల సబ్బు పెట్టి, ఆఖర్న పాత టూత్‌బ్రష్షుతో గోళ్ళ సందులు తోముకుంటాను. ఆ పంచదార గురించి మా అత్తయ్య పన్నెండేళ్ళుగా సాధిస్తూనే ఉంది. "లోకంలో అందరూ పంచదార కాఫీలో వేసుకుంటారు, మా ఇంట్లో తూములో పోస్తారు" అంటుంది. వచ్చినవాళ్ళు వినేట్టు కాదు, నేనొక్కదాన్నే వినేట్టు. ఇంతా చేసి కుడిచేతి మధ్యవేలి గోరు చుట్టూ ఒక నల్లగీత ఉండిపోతుంది. అది చావదు. ఎవరింటికైనా వెళితే చేతులు కట్టుకుని కూర్చుంటాను. ఎంత వినయం గల మనిషో అనుకుంటారు.

నేను కార్లకి చక్రాలు బిగిస్తాను. ఈ ఒక్క ముక్క బయటపడడానికి పన్నెండేళ్ళు పట్టింది. అదీ నేను చెప్పలేదు, మా ఆయన చెప్పాడు. ఎప్పుడు చెప్పాడో, ఎందుకు చెప్పాడో చెప్పడానికే ఇదంతా. అయితే ముందే ఒక మాట. ఇందులో నేను పడ్డ పాట్లున్నాయి, నన్నన్న మాటలున్నాయి. అవి చూసి నా మీద జాలిపడబోతే కాస్త ఆగండి. నేను చేసిన పని కూడా ఉంది. అది తలుచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో ఇప్పటికీ తెలియదు.

మా టైర్ల షాపుకి ముందు రోడ్డు, వెనక మా వంటిల్లు. మధ్యలో ఒక కారు పట్టేంత రేకుల షెడ్డు. షెడ్డులోంచి వంటింట్లోకి ఒక తలుపు. పన్నెండేళ్ళ కిందట ఒక వ్యాను చక్రం ఎత్తబోయి మా ఆయన వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. బరువులెత్తితే ఇక మంచమే అన్నాడు డాక్టరు. అప్పటికే మామయ్య పక్షవాతంతో మంచంలో ఉన్నారు. "ఒక్క వారం నువ్వు చూసుకో, ఈలోగా ఎవరినైనా పెట్టుకుందాం" అన్నాడు మా ఆయన. ఆ వారం ఇంకా పూర్తి కాలేదు.

"ఆడది అంత బరువులెత్తితే కడుపులో ఏవి ఎక్కడుండాలో అక్కడుండవు" అని అత్తయ్య గొడవ చేసింది. అదే నోటితో, ఊపిరి కూడా తీసుకోకుండా, "గ్యాసు బండ అయిపోయింది మార్చు, మామయ్యని పక్కకి తిప్పే టైమయింది చూసుకో" అంది. మామయ్య ఎనభై కిలోలు. మామూలు కారు చక్రం ఇరవై. ఎనభై కిలోలు ఎత్తితే సేవ, ఇరవై కిలోలు ఎత్తితే పరువుతక్కువ. అప్పట్లో ఈ లెక్క నాకు తట్టలేదు. తట్టినా అడిగేదాన్ని కాదు. మొగుడు కూర్చుని పెళ్ళాంచేత చక్రాలు మోయిస్తున్నాడని వీధిలో అనుకుంటే మా ఆయన తలెత్తుకోలేడని అత్తయ్య అంటే, నిజమే కదా అనుకున్నాను. ఎవరి కంటా పడకుండా చేస్తానని నేనే మాటిచ్చాను.

మొదటి పదిరోజులు ఉత్త మొండితనంతో ఎత్తాను. చక్రాన్ని పొట్టకి ఆనించుకుని, పళ్ళు బిగపట్టి పైకి లేపడం, బోల్టులు చిల్లుల్లోకి ఎక్కేలోపు చేతులు వణకడం, మళ్ళీ కిందపెట్టడం. మోకాళ్ళ కింద ఒకటే కమిలిన మచ్చలు. బొటనవేలి గోరు ఊడి వచ్చింది. పడుకున్నాక పక్కకి తిరగాలంటే మంచం పట్టె పట్టుకుని తిరిగేదాన్ని. "నీకు అన్నీ పెద్దవి చేసి చెప్పడం అలవాటు" అన్నాడు మా ఆయన, తన నడుం కింద రెండో దిండు సర్దమని అడుగుతూ.

ఆ రోజుల్లోనే మామయ్య వీపు మీది పుండ్లకి కట్టుకట్టడానికి ఒక నర్సు వారానికి మూడుసార్లు వచ్చేది. నాకంటే చిన్నది, సన్నగా ఉండేది, గలగలా మాట్లాడేది. నేను మామయ్య చంకల్లో చేతులేసి లాగబోతుంటే చూసి, "అక్కా అక్కా, ఆగండి. ఎత్తకండి. మీ నడుం కూడా పోతే ఈ ఇంట్లో అందర్నీ ఎవరు చూస్తారు?" అంది. మామయ్య కిందకి ఒక మందపాటి దుప్పటి తోయించింది. అవతలి మోకాలు మడిచి నిలబెట్టింది. ఆ మోకాలి మీద అరచెయ్యి పెట్టి మెల్లగా తోస్తే, ఎనభై కిలోల మనిషీ తనంతట తనే ఇటు తిరిగాడు. "బరువు మంచం మొయ్యాలి అక్కా, మీరు కాదు. మీరు ఊరికే దారి చూపించాలి" అంది. ఆ ఇంట్లో నాకూ ఒక నడుం ఉందని గుర్తుచేసిన మొదటి మనిషి ఆవిడ. నేను వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలుపుతూ కాసేపు ఏడ్చాను.

మర్నాడు షెడ్డులో చక్రం ముందు నిలబడి, ఇదీ మామయ్యలాంటిదే కదా అనుకున్నాను. అక్కణ్ణుంచి ఒక్కొక్కటీ నేర్చుకున్నాను, ఎవరూ చెప్పకుండానే. కారుని అవసరానికి మించి పైకి లేపకూడదు. చక్రానికీ నేలకీ మధ్య రెండు వేళ్ళ సందు చాలు. కారుని ఎంత పైకి లేపితే చక్రాన్నీ అంత పైకి మొయ్యాలి. పాత నట్లు వదులు చెయ్యడం జాకీ పెట్టకముందే, చేత్తో కాదు, పానా పిడి మీద ఎక్కి నిలబడి. నా ఒంటి బరువు ఏదో ఒకదానికి పనికిరావాలి కదా. చక్రాన్ని నిలబెట్టి దొర్లించుకుంటూ తీసుకురావాలి, ఎత్తకూడదు. తెచ్చాక దాని ముందు నేల మీద కూర్చుని, కాళ్ళు రెండూ చాపి, పాదాలు టైరు కిందికి తోసి, మడమలు నేలకి ఆనించి వేళ్ళు పైకి లేపితే, పిల్లని కాళ్ళ మీద వేసుకుని ఊపినంత తేలిగ్గా చక్రం లేస్తుంది. వ్యాన్ల చక్రాలకి కాళ్ళు చాలవు. అప్పుడు ఒక చెక్కపలక, దాని కింద సగం ఇటుక; పలక కొసని తొక్కితే చక్రం పైకొస్తుంది. కొన్ని కార్లకి బోల్టులు బయటికి పొడుచుకుని ఉంటాయి, కొన్నింటికి ఉత్త చిల్లులే. ఆ చిల్లులవాటి కోసం ఒక పాత పొడుగు బోల్టుకి తల కోసి పెట్టుకున్నాను. దాన్ని పై చిల్లులో తిప్పి, మేకుకి పటం తగిలించినట్టు చక్రాన్ని తగిలించి, మిగతావి నింపాదిగా ఎక్కించుకుంటాను. నట్లు వరసగా కాదు, ఎదురెదురుగా బిగించుకుంటూ పోవాలి. మొత్తం పావుగంట. చెమట కూడా పట్టదు.

ఇంత బాగా వచ్చిన పని నా జన్మలో ఇంకోటి లేదు. వంట కూడా ఇంత బాగా రాదు నాకు. కానీ కాళ్ళు బారచాపుకుని నేల మీద కూర్చుని, మా ఆయన పాత చొక్కా తొడుక్కుని, జుట్టుకి గుడ్డ కట్టుకుని, చెంప మీద గ్రీజుతో ఉన్న నన్ను నేను తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. అత్తయ్య ఒకసారి తలుపులోంచి చూసి, "ఛీ, ఆ కూర్చోవడమేమిటి, ఆడపుట్టుక పుట్టి" అంది. అప్పట్నుంచి తలుపు వేసుకునే చేశాను.

మామయ్య పోయాక ఆయన కింద వేసిన ఆ మందపాటి దుప్పటినే షెడ్డుకి అడ్డంగా తెర కట్టాం. కారు లోపలికి రాగానే మా ఆయన, "మీరలా బెంచీ మీద కూర్చోండి, నేను చూసుకుంటాను" అని చెప్పి తెర వేసి లోపలికొచ్చి ముక్కాలిపీట మీద కూర్చునేవాడు. నేను పని చేస్తుంటే తను మూలిగేవాడు. నవ్వకండి, నిజం. నేను చక్రాన్ని కాళ్ళతో లేపే వేళకి సరిగ్గా, "అబ్బా... ఊఁ... హమ్మయ్య" అని తను నిట్టూర్చేవాడు. బయట బెంచీ మీంచి, "పాపం, నడుంనొప్పితో కూడా ఎంత కష్టపడతాడో" అని వినిపించేది. నాకు నవ్వొచ్చి భుజానికి నోరు అదుముకునేదాన్ని. నవ్వానని కూడా చెప్పాలి. అందులో నాకు ఒకరకం సంబరం ఉండేది, ఇద్దరం కలిసి లోకాన్ని బోల్తా కొట్టిస్తున్నామని. బోల్తా పడుతున్నది ఎవరో తెలియడానికి చాలా కాలం పట్టింది.

కారు కిందికి దించాక నేను వంటింట్లోకి వెళ్ళిపోయి తలుపు వేసుకోవాలి. అప్పుడు మా ఆయన తెర తీస్తాడు. గోడకి మేకు మీద తళతళలాడుతూ ఒక పొడుగు పానా ఉంటుంది. నట్టు సరిపోయినంత బిగిసిందంటే అది "టక్" మంటుంది. ఆ పానా ఆయన తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. వచ్చినవాళ్ళు చూస్తుండగా ఒక్కో నట్టుకీ దాన్ని పెట్టి, టక్, టక్ అనిపించి, నుదురు తుడుచుకుంటాడు. "కండబలం కాదండీ, కిటుకు. బరువు ఎత్తకూడదు, దొర్లించాలి" అని నా మాటే నేను వింటుండగా చెబుతాడు. "ఆ ఆఖరి బిగింపేదో నేనే చేసేస్తాను కదా, నేల మీద ఉన్న చక్రానికి బలం కూడా అక్కర్లేదు" అని ఒకసారి అన్నాను. "ఆఖరి బిగింపు మగాడిది ఉండాలి. లేకపోతే జనం నమ్మరు" అన్నాడు. తలుపు వెనక గిన్నెలు తోముతూ టక్కుటక్కులు లెక్కపెట్టడం నాకు అలవాటైపోయింది. నాలుగు నట్ల కారుకి నాలుగు, ఐదు నట్ల కారుకి ఐదు. లెక్క సరిపోయాకే కుళాయి తిప్పేదాన్ని.

కిందటి వారం ఆ నర్సు కారు తెచ్చింది. ఎడమవైపు ముందు టైరులో మేకు దిగింది. తెర అవతల్నుంచి గొంతు వినగానే గుర్తుపట్టాను, అదే గలగల. ఇన్నేళ్ళకి సొంతంగా చిన్న కారు కొనుక్కుందట, ఇప్పుడు రోగుల ఇళ్ళకి దాన్లోనే వెళుతుందట. మా ఆయన మేకు లాగి టైరుకి అతుకు వేశాడు. నేను చక్రం ఎక్కించి, ఐదు నట్లూ చిన్న పానాతో చేతికందినంత బిగించి, జాకీ దించి, వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. తెర తీసిన చప్పుడు. టక్. టక్.

"అక్క బాగున్నారా?" అని నర్సు అడిగింది. పానా ఆగింది. "ఎన్ని ఇళ్ళకి వెళ్ళానో, అక్క చూసినట్టు చూసుకున్నవాళ్ళు లేరండీ. పక్కబట్ట ఎప్పుడూ మల్లెపువ్వులా ఉండేది. ఇల్లు అద్దం. మనిషీ అంతే, ఎంత నీట్‌గా ఉండేవారో. ఇప్పటికీ అన్నిచోట్లా ఆవిడ పేరే చెప్తాను. ఒకసారి పిలవరూ."

"స్నానం చేస్తోందమ్మా" అన్నాడు మా ఆయన తడుముకోకుండా. తర్వాత తన నడుం సంగతి ఎత్తుకున్నాడు. ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పాకుతుందో చెప్పాడు. ఆవిడ ఏవో వ్యాయామాలు చెప్పింది. ఈలోగా ఆవిడకి ఫోనొచ్చింది, ఎవరికో సెలైన్ సూది ఊడిపోయిందట. "అయిపోయిందా అండీ?" "ఆ, అయిపోయింది, వెళ్ళిరండి." కారు తలుపు వేసిన చప్పుడు, ఇంజను చప్పుడు.

ఐదు రావాలి. రెండే వచ్చాయి.

నా చెయ్యి గడియ మీదే ఉంది. గడియ సగం తీశాను కూడా. తీసి బయటికి వెళ్ళి "సిస్టర్, ఒక్క నిమిషం" అంటే చాలు. తలుపు పక్క గోడకి చిన్న అద్దం ఉంటుంది, కూరలు తరిగే బల్లకి ఎదురుగా. అందులో నన్ను చూసుకున్నాను. చంకల్లో చిరిగిన మగచొక్కా, చెంప మీద గ్రీజు, నెత్తిన గుడ్డ. మల్లెపువ్వు, అద్దం, నీటు. ఆ మూడు మాటలూ నాకు పన్నెండేళ్ళలో దొరికిన మొదటి మెప్పు. అది చెడగొట్టుకోలేకపోయాను. గడియ మళ్ళీ వేశాను. కారు వెళ్ళిపోయింది.

మా ఆయన లోపలికి రాగానే, "రెండే వినబడ్డాయి" అన్నాను. "నీకు చెవుడు. కూర మాడుతున్నట్టుంది చూడు" అన్నాడు. నర్సు నంబరు నా ఫోనులో ఉంది, మామయ్య ఉన్నప్పటిది. తీశాను. ఆవిడ ఎత్తితే ఏమని చెప్పాలి? మీకెలా తెలుసక్కా అంటే? తలుపు వెనకున్నానంటే స్నానం అబద్ధమవుతుంది, చక్రం నేను పెట్టానంటే మా ఆయన అబద్ధమవుతాడు. చేతికందినంత బిగించాను కదా, ఏమీ కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఫోను పంచదార డబ్బా పక్కన పెట్టేసి కూర దించాను.

మర్నాడు సాయంత్రం మూడు నట్లు ఊడి పడిపోయాయి. చక్రం ఊగిపోయి, కారు అదుపుతప్పి గోడని గుద్దుకుంది. నర్సు ఎడమచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది.

ఆ తర్వాతి రోజు పొద్దున ఆవిడా, వాళ్ళ అన్నా వచ్చారు. అన్న బస్సు డ్రైవరు, భారీ మనిషి. షాపు ముందు నిలబడి, "ఎవడయ్యా ఈ చక్రం బిగించింది? మనిషి ప్రాణమంటే లెక్కలేదా?" అని అరిచాడు. ఎదురుగా టైలరు మిషను ఆపాడు. మందుల షాపాయన బయటికొచ్చాడు. నేను తెర వెనక, అదే చొక్కాలో ఉన్నాను. మా ఆయన గొంతు విన్నాను. ఎప్పటి మూలుగూ లేదు అందులో, చాలా చురుగ్గా ఉంది.

"నేను కాదండీ బాబూ. నాకు నడుంనొప్పని వీధందరికీ తెలుసు, డాక్టరు బరువులు ముట్టుకోవద్దన్నాడు. పన్నెండేళ్ళుగా చక్రాలన్నీ మా ఆవిడే బిగిస్తుంది. ఎంతైనా ఆడవాళ్ళ చెయ్యి కదండీ, ఎక్కడో వదులు పడుంటుంది."

పన్నెండేళ్ళు. ఎన్ని చక్రాలో. ఒక్కసారి, ఒక్కరి ముందు, మా ఆవిడ చేసిందండీ అంటాడేమోనని చెవులు రిక్కించి ఎదురుచూసిన రోజులు నాకున్నాయి. ఆ మాట వచ్చింది. ఇలా వచ్చింది. అత్తయ్య ఇంటి గుమ్మంలోంచి వీధికంతా వినబడేలా, "నీకెందుకే ఆ మగపనులు అని ఎన్నిసార్లు చెప్పాను? వింటేనా!" అంది.

తెర పక్కకి తీసి బయటికి వచ్చాను. అందరూ ముందు నా చొక్కా వైపు చూశారు, తర్వాత చేతుల వైపు. నర్సు చెయ్యి మెళ్ళో కట్టుకున్న గుడ్డలో ఉంది. "మీరా అక్కా బిగించింది?" అని అడిగింది.

"నేనే" అన్నాను.

ఆఖరి బిగింపు ఆయనదని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఐదు అన్నానంటే రెండు కూడా చెప్పాలి. రెండు విన్నానని చెబితే గడియ సంగతి చెప్పాలి. నోరు మూసుకున్నాను. మా ఆయన గట్టిగా ఊపిరి వదలడం వినబడింది. "ఆడమనిషివైపోయావు, బతికిపోయావు" అని వాళ్ళన్న చెల్లెల్ని తీసుకుని వెళ్ళిపోయాడు.

"మంచిపని చేశావు. నేనని ఒప్పుకునుంటే చెయ్యి చేసుకునేవాడు" అన్నాడు మా ఆయన లోపలికొచ్చి, కంచం ముందు కూర్చుంటూ. "నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతారు. ఈసారి తెర ఇంకాస్త కిందికి కడదాం, పాదాలు కనబడుతున్నాయి." నేను వడ్డించాను. చేతులు కడుక్కోకుండానే వడ్డించానని సగం తిన్నాక చూసి, కంచం తోసేశాడు. నాకు ఆయన మీద కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఆ కోపం కింద ఇంకొకటి ఉంది, అది ఆయన మీద కాదు. ఆయన మాట మార్చి నన్ను వీధిలో నిలబెట్టినందుకు నాకు అంత సిగ్గనిపించలేదు. ఆవిడ "మీరా అక్కా" అన్నప్పుడు నా నోటినుంచి సగం నిజమే వచ్చినందుకు వేసింది సిగ్గు. వంటింట్లో నిలబడలేకపోయాను.

రెండు వీధులవతల వాళ్ళిల్లు. అదే చొక్కాతో వెళ్ళాను. కారు గుమ్మం ముందే ఉంది. వంగిన బోల్టులు మార్చి, తాత్కాలికంగా అరిగిపోయిన స్టెప్నీ వేసి ఎవరో మెకానిక్కు తెచ్చి పెట్టాడు. నర్సు వరండాలో కూర్చుని ఒంటిచేత్తో జుట్టు ముడివేసుకోవడానికి తంటాలు పడుతోంది. నన్ను చూసి లేవలేదు, కూర్చోమనలేదు.

"సిస్టర్, నట్లు ఎక్కించింది నేనే. అది నిజమే. కారు దించాక ఆఖరి బిగింపు మా ఆయన చేస్తాడు. ఐదు టక్కులు రావాలి. ఆ రోజు రెండే వచ్చాయి" అన్నాను.

"మీకెలా తెలుసు?"

"తలుపు వెనక ఉన్నాను. రోజూ లెక్కపెడతాను."

"స్నానం చేస్తున్నారన్నారుగా?"

"లేదు. ఇదిగో, ఈ చొక్కాలో ఉన్నాను. మీరు నా గురించి ఏదో మంచిగా చెబుతున్నారు. ఈ అవతారంతో మీ ముందుకు రావడానికి సిగ్గేసింది. గడియ సగం తీసి మళ్ళీ వేశాను. మీ నంబరు కూడా ఉంది నా దగ్గర. చెయ్యలేదు."

ఆవిడ నా చొక్కా వైపు చూసింది. చేతిలోని దువ్వెన ఒళ్ళో పెట్టుకుంది.

"అంటే మీ చొక్కా మాసిందని నా చెయ్యి విరిగిందన్నమాట."

"అవును" అన్నాను. కళ్ళనీళ్ళు వచ్చాయి.

"ఏడవకండి అక్కా. ఓదార్చడానికి నాకు ఇప్పుడు ఒక్క చెయ్యే ఉంది" అంది. కోపంగానే అంది. కాసేపయ్యాక గొంతు తగ్గించింది. "మీ మామయ్యకి పుండ్లు కడిగేదాన్ని, పక్క తడిస్తే మార్చేదాన్ని. ఆ చేతులు కడుక్కుని మీ ఇంట్లోనే కాఫీ తాగేదాన్ని. మీరెప్పుడైనా నన్ను అసహ్యించుకున్నారా?"

"అయ్యో, లేదు సిస్టర్."

"మరి నన్ను చూసి సిగ్గుపడ్డారేంటక్కా? నన్ను చూసా!"

తిట్టుంటే బావుండేది. లోపల్నుంచి వాళ్ళన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, ఎంతసేపట్నుంచి విన్నాడో. నర్సు కారువైపు చూసింది. "చెయ్యి బాగయ్యాక నేను మళ్ళీ అదే కారెక్కాలి. ఆ బోడి టైరుతో ఎక్కలేను. దానికి చక్రం ఎవరు పెడతారు?"

"నేనే. ఇప్పుడే" అన్నాను.

షాపుకి వచ్చి మేకు మీంచి ఆ పొడుగు పానా తీశాను. దాని బరువెంతో అప్పుడే తెలిసింది, అంతకుముందు దాని చప్పుడే తెలుసు. "ఏయ్, అదెక్కడికి? దాన్ని వాడడం నీకు తెలీదు" అన్నాడు మా ఆయన ముక్కాలిపీట మీంచి. "పన్నెండేళ్ళుగా వింటున్నాను" అన్నాను. తెర లాగాను. ఒకవైపు తాడు తెగి మొత్తం ఊడి వచ్చింది. దాన్ని భుజాన వేసుకుని, చిన్న పానా, పెద్ద పానా, జాకీ సంచిలో పెట్టుకుని, ఆవిడ కారుకి సరిపోయే చక్రం ఒకటి నిలబెట్టి రోడ్డు మీదికి దొర్లించాను. "వీధెంట చక్రం దొర్లించుకుంటూ పోతావా? మన పరువేం కాను?" అని అత్తయ్య కేకేసింది. "పొద్దున మీరిద్దరూ పంచిపెట్టగా ఏమైనా మిగిలిందా అత్తయ్యా?" అన్నాను. ఆవిడతో నేనలా మాట్లాడడం అదే మొదలు. టైలరు మిషను మళ్ళీ ఆగింది. రెండు వీధులు. చక్రం బుద్ధిగా నా పక్కన నడిచింది. నాకు ముఖమంతా మండుతూనే ఉంది, ఆ సిగ్గు ఏ మూలమలుపులోనూ దిగిపోలేదు. దాన్ని కూడా వెంటబెట్టుకునే వెళ్ళాను.

కారు వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, స్టెప్నీ నట్లు తొక్కి వదులు చేసి, జాకీ రెండు వేళ్ళ సందు వచ్చేదాకా లేపాను. "ఈవిడొక్కతే ఎత్తుతుందా?" అన్నాడు వాళ్ళన్న, సాయానికి చొక్కా చేతులు మడుస్తూ. "ఆవిడ ఎత్తదు అన్నయ్యా, చూడు" అంది నర్సు. దుప్పటి రోడ్డు మీద పరిచి కూర్చున్నాను. కాళ్ళు రెండూ చాపాను. పాదాలు టైరు కింద పెట్టి వేళ్ళు పైకి లేపాను. ఐదు బోల్టులూ ఐదు చిల్లుల్లోకి వచ్చాయి. నట్లు ఎదురెదురుగా ఎక్కించి, చిన్న పానాతో బిగించి, జాకీ దించాను. చుట్టూ ఎనిమిదిమంది దాకా చేరారు.

అప్పుడు మా ఆయన స్కూటరు వచ్చి ఆగింది. దిగి, నవ్వు ముఖం పెట్టుకుని అందరి మధ్యలోంచి వచ్చి, నా పక్కన వంగాడు. బాగానే వంగాడు. "లే. అందరూ చూస్తున్నారు. పానా ఇటివ్వు, ఆఖరిది నేను బిగిస్తాను" అన్నాడు నాకే వినబడేట్టు.

నేను అందరికీ వినబడేట్టు చెప్పాను. "వద్దండీ. తప్పు జరిగితే నేను చేశానంటారు కదా. ఇకమీదట తప్పైతే నాదే, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు పని కూడా మొత్తం నాదే అవ్వాలి. ఆఖరి బిగింపుతో సహా."

ఆయన చెయ్యి చాపినట్టే కాసేపు ఉండిపోయింది. తర్వాత ఆ చేత్తోనే నడుం పట్టుకున్నాడు. ఎవరూ పాపం అనలేదు.

"సిస్టర్, మీరు లెక్కపెట్టండి" అన్నాను. పై నట్టుకి పానా పెట్టి లాగాను. టక్. ఆవిడ మెట్టు దిగి నా పక్కకొచ్చి నిలబడి, "ఒకటి" అంది. టక్. "రెండు." ఆ రెండు దగ్గర నా చెయ్యి ఆగింది. ఆవిడా ఆగింది. నా వైపు చూడలేదు, చక్రం వైపే చూస్తోంది. టక్. "మూడు." టక్. "నాలుగు." టక్.

"ఐదు" అంది నర్సు.

నేను లేవలేదు. పానా తీసుకెళ్ళి మళ్ళీ మొదటి నట్టుకి పెట్టాను.